షెడ్డు సంగతి తర్వాత, ముందు మీ ఆయన్ని ఊరికి పంపించు

జహీరాబాద్ నుంచి ఒక అమ్మాయి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. క్లుప్తంగా సంగతి ఇదీ. భర్తది మహారాష్ట్రలో ఉమర్గా వైపు పల్లె, 1993 సెప్టెంబర్ 30 నాటి లాతూరు భూకంపంలో నేలమట్టమైన ఊళ్లలో ఒకటి. అప్పటికి అతనికి తొమ్మిదేళ్లు. తండ్రి, చిన్న చెల్లెలు ఆ రాత్రే పోయారు. తాత పక్కన బయట అరుగు మీద పడుకున్నాడు కాబట్టి ఇతను బతికాడు, తల్లిని మధ్యాహ్నానికి రాళ్లు తీసి బయటికి లాగారు. ఇప్పుడతను కాంట్రాక్టు మీద ఇళ్లు కట్టించే మేస్త్రీ. తల్లి ఒక్కతే కొత్త ఊళ్లో ఉంటుంది. సర్కారు ఇచ్చిన ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని అందులోనే వండుకుని అందులోనే పడుకుంటుంది, పక్కా ఇంట్లో మాత్రం జొన్న చొప్ప, బస్తాలు. "దసరాకి అత్తమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు మనిషిని పెట్టి ఆ షెడ్డు పీకించేస్తే ఇక ఇంట్లోనే పడుకుంటుంది కదా? లేకపోతే ఆ ఇల్లు అమ్మేసి ఆమెను మా ఫ్లాట్‌కి తెచ్చుకోవాలా? డాక్టర్‌కి చూపించాలా?" ఇవీ ప్రశ్నలు.

అమ్మా, షెడ్డు జోలికి వెళ్లకండి. ఇల్లు ఆమె పేరున ఉంది, అమ్మడానికి మీరెవరు? డాక్టర్ అవసరం ఆమెకి లేదు. నువ్వు అడిగినవాటికి జవాబులు అయిపోయాయి.

ఇక నాలుగో పేజీ చివర, సంతకం పైన ఇరికించి రాసిన రెండు లైన్ల దగ్గరికి వద్దాం. "ప్రతి ఏడాది సెప్టెంబర్ 30న అత్తమ్మ ఫోన్ చేస్తుంది. ఈయన ఎత్తడు, నేనే మాట్లాడి పెట్టేస్తాను." ఉత్తరమంతా ఇదే తల్లీ, మిగతా మూడున్నర పేజీలు రేకుల గురించి.

ఆ వైపు పాత ఇళ్లు నువ్వు చూసి ఉండవు. రెండు మూడు అడుగుల మందం రాతి గోడలు, రాయికీ రాయికీ మధ్య ఒట్టి మట్టి. పైన కట్టె దూలాలు, వాటి మీద మూరెడు మందాన మళ్లీ మట్టే. ఎండాకాలం చల్లగా ఉంటుందని తరతరాలుగా అలాగే కట్టుకున్నారు. వినాయకుణ్ణి నీళ్లలో కలిపి వచ్చి అలసిపోయి పడుకున్నారు జనం, తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకి ఆ రాళ్లూ మట్టీ వాళ్ల మీద పడ్డాయి. దాదాపు 10,000 మంది పోయారు. అప్పుడు ఇక్కడ హైదరాబాద్‌లో మా వంటింటి అరలో గిన్నెలు గలగలమంటే పిల్లి అనుకుని అటు తిరిగి పడుకున్నాను నేను, పొద్దున రేడియోలో వార్తలు విన్నాక ఎంత సిగ్గేసిందో.

ఆ రాళ్ల కింద సగం రోజు ఉండి వచ్చిన మనిషి మీ అత్తమ్మ. రేకు మీద పడితే దెబ్బ తగులుతుందేమో గానీ చావరు, ఆమె లెక్క అంతే. ఆ ప్రాంతంలో ఎంతోమంది ఏళ్ల తరబడి కొత్త ఇంట్లో ధాన్యం పెట్టుకుని బయట రేకుల కింద పడుకున్నారు. ఈమె ఇంకా పడుకుంటోంది.

పైగా ఆ కొత్త ఊరు ఆమె అడిగి కట్టించుకున్నది కాదుగా. 52 ఊళ్లను పూర్తిగా వేరే చోట్లకి మార్చారు. భూమిని బట్టి ఇల్లు: భూమి లేనివాళ్లకీ హెక్టారు లోపు ఉన్నవాళ్లకీ 250 చదరపు అడుగులు, ఆపైన 450, పెద్ద రైతులకి 750. కాగితం మీద న్యాయంగానే ఉంది, కానీ చాలాచోట్ల ఇంటి సైజు ప్రకారం వరసలు వేసేసరికి ఒకే గోడ పంచుకుని బతికిన అన్నదమ్ములు తలో వైపు పడ్డారు. పెద్దమామగారి ఇల్లు ఊరికి ఆ చివర ఉందని నువ్వే రాశావు. పొలమేమో పాత ఊరి దగ్గరే ఉండిపోయింది, ఈ వయసులోనూ రోజూ అక్కడికి నడిచి వెళ్తోంది. ఈ ముప్పై ఏళ్లలో ఆమె తిరిగి కూడబెట్టుకున్న బతుకంతా ఆ షెడ్డు చుట్టూనే ఉంది, బర్రె, వేపచెట్టు, చెట్టు కింద సాయంత్రం పూట పక్కింటి ఆడవాళ్లతో నాలుగు మాటలు. ఆమె పండక్కి మీ ఇంట్లో ఉన్నప్పుడు దొంగచాటుగా దాన్ని పీకించడమంటే రెండోసారి ఇల్లు కూల్చడమే, ఈసారి కూల్చింది కొడుకూ కోడలూ.

ఇక మీ ఆయన. ఊరంతటికీ స్లాబులు వేయించే మనిషి తల్లి దగ్గర ఒక్క రాత్రి ఉండడు. పొద్దున బస్సుకి వెళ్లి, డబ్బులూ మందులూ చేతిలో పెట్టి, సాయంత్రం బస్సుకి వచ్చేస్తాడు. దీన్ని నువ్వు బాధ్యత అని రాశావు. డబ్బు ఇవ్వడం బాధ్యతలో అన్నిటికన్నా సులువైన ముక్క, నా దగ్గర దానికి పెద్ద మార్కులు పడవు. ఆమెను ఫ్లాట్‌కి తేవాలని ఆయనకెందుకంత తొందర? ఆ షెడ్డు కనపడితే ఆ రాత్రి గుర్తొస్తుంది, అది కళ్ల ముందు లేకపోతే అంతా సర్దుకుపోయిందని అనుకోవచ్చు. తను బయట పడుకుని బతికాడు, లోపల పడుకున్న చెల్లెలు పోయింది. తొమ్మిదేళ్ల పిల్లాడు ఆ మాట ఎవరికీ చెప్పకుండా నలభై దాటాడు. ఇది నా ఊహ, తప్పు కావచ్చు. కానీ ఆ తల్లి ఏడాదికొకసారి సరిగ్గా అదే తారీఖున కొడుక్కి ఫోన్ చేస్తోందంటే, నువ్వెందుకు బతికావని అడగడానికైతే చెయ్యదు కదా! మిగిలిన ఒక్క పిల్లాడి గొంతు వినాలని చేస్తుంది. ఆమెకి వినపడేది నీ గొంతు.

నీ మీద కూడా నాకు కోపంగానే ఉంది. పదహారేళ్లుగా ఆ ఫోన్ ఎత్తి "ఆయన పనిమీద బయటికెళ్లాడత్తమ్మా" అని అబద్ధం చెప్పి ఇద్దరికీ మేలు చేస్తున్నాననుకున్నావు. ఆయన్ని కాపాడావు సరే, ఆమెని?

దసరా కన్నా ముందే ఆయన ఒక్కడూ ఊరికి వెళ్లాలి, నువ్వూ పిల్లలూ వద్దు. రెండు రాత్రులైనా ఉండాలి. ఊరికే వెళ్లమంటే వెళ్లడు కాబట్టి పని అప్పజెప్పు. స్లాబు ఉరుస్తోందని రాశావుగా, ముప్పై ఏళ్ల నాటిది, పెచ్చులు ఊడి లోపలి చువ్వలు తుప్పు పట్టాయేమో, గోడ మూలల్లో పగుళ్లున్నాయేమో మేస్త్రీ కళ్లతో చూడమను. అందులో పడుకోమని ఆమెని అన్నేళ్లుగా పోరుతున్నారు, అది పడుకోవడానికి పనికొస్తుందో లేదో మీ ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు. తర్వాత షెడ్డు. గాలికి రేకులు లేవకుండా బోల్టులు బిగించడం, ఎండకి తట్టుకునేలా రేకుల కింద వెదురు తడకలు కట్టడం, మంచి తలుపు పెట్టడం, ఇవన్నీ కూలీని పెట్టకుండా తన చేత్తో చెయ్యమను. రాత్రికి ఆ పక్కనే మంచం వేసుకుని పడుకోమను.

అక్కడ ఏం మాట్లాడాలి అంటాడు. చెల్లెలి పేరు ఒక్కసారి నోటి వెంట వస్తే చాలు. నాలుగు పేజీల ఉత్తరంలో ఆ పిల్ల పేరు నువ్వు కూడా రాయలేదు, అసలు నీకు తెలుసా?

ఆయన రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచి కూర్చుంటాడని ఇంకో చోట రాశావు. డాక్టర్ ఎవరికైనా కావాలంటే ఆయనకే కావాలి. 14416కి చెయ్యమను, టెలి మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. మేస్త్రీ పరువు పోతుందంటే రాత్రి పూట చెయ్యమను, ఎవరు చూడొచ్చారు!

ఫ్లాట్ విషయం ఆమె ఇష్టం. పండక్కి వచ్చి నాలుగు రోజులుండి వెళ్లిపోతానంటే బస్సెక్కించండి. మూడో అంతస్తులో, పైన ఇంకో రెండు స్లాబుల కింద పడుకోబెట్టి, నిద్ర పట్టట్లేదంటే మాత్రం విసుక్కోవద్దు.

ఆ భూకంపానికి కేంద్రమైన కిల్లారిలో ఏటా సెప్టెంబర్ 30న స్మృతి స్తంభం దగ్గర నివాళి ఉంటుంది, ఈసారికి ఆయన అక్కడిదాకా వెళ్తాడని నేను ఆశపడట్లేదు. ఆ రోజు ఫోన్ మోగినప్పుడు నువ్వు ఎత్తకు. ఆయన ముందు పెట్టి వంటింట్లోకి వెళ్లిపో.