అప్‌రైట్ వాక్యూమ్ ఎన్నాళ్ళు వస్తుంది? కొనేముందు తిరగేసి అడుగు చూడండి

మీరడిగింది ఇది: డాలస్ దగ్గర కార్పెట్ వేసిన రెండు బెడ్‌రూమ్‌ల అపార్ట్‌మెంట్‌లోకి మారారు. 80 డాలర్ల బ్యాగ్‌లెస్ (దుమ్ము సంచిలోకి కాక ప్లాస్టిక్ డబ్బాలోకి పోయే) అప్‌రైట్ వాక్యూమ్, అంటే నిలబెట్టి హ్యాండిల్ పట్టుకుని తోసేది, తీసుకోవాలా, నాలుగైదు వందలు పెట్టి బ్యాగ్ ఉన్నది తీసుకోవాలా? ఏది ఎక్కువ కాలం వస్తుంది, ఏది బాగా లాగుతుంది?

మేం ఇక్కడికొచ్చి 13 ఏళ్ళవుతోంది. ఇప్పటికి మూడు అప్‌రైట్లు వాడాం. మొదటిది 14 నెలలు వచ్చింది. రెండోది నాలుగేళ్ళ మూడు నెలలు. మూడోదానికి మొన్ననే ఏడేళ్ళు నిండాయి, ఇంకా నడుస్తోంది. పోయిన రెండింట్లో ఒక్కదానికీ మోటార్ కాలిపోలేదు. అందరూ షాపులో మోటార్ గురించే అడుగుతారు, పోయేది మాత్రం కింద ఉండే బ్రష్ దగ్గరో, దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ దగ్గరో.

మొదటిది థాంక్స్‌గివింగ్ సేల్‌లో 59 డాలర్లకు కొన్న బ్యాగ్‌లెస్. అప్పుడు అమ్మ ఆరు నెలలకని వచ్చి మాతోనే ఉంది. అమ్మదీ, మా ఆవిడదీ నడుం దాకా జుట్టు. ఓ శనివారం హాల్లో వాక్యూమ్ చేస్తుంటే రబ్బరు కాలిన వాసన. గరాజ్‌లో పాత పేపర్ పరిచి, మిషన్‌ను తిరగేసి, ఆరు స్క్రూలు విప్పాను. బ్రష్ రోల్ రెండు చివరలా జుట్టు దారపుండలా బిగుసుకుపోయి ఉంది. కత్తెర దూరలేదు, బ్లేడుతో కోయాల్సి వచ్చింది. జుట్టంతా తీశాక చూస్తే లోపల బ్రష్ తిరిగే ప్లాస్టిక్ మూత కరిగి ఒక పక్కకి జారిపోయింది. బెల్ట్ నున్నగా మెరుస్తూ సాగిపోయింది. బెల్ట్ ఆరు డాలర్లకు దొరికింది. బ్రష్ రోల్ మాత్రం ఆ మోడల్‌కు విడిగా అమ్మరట. కంపెనీకి ఫోన్ చేస్తే కొత్త మిషన్ మీద డిస్కౌంట్ కూపన్ పంపిస్తామన్నారు. అమ్మ అయితే, "నాలుగు వెంట్రుకలకే గొంతు పట్టేసేదానికి అంత డబ్బెందుకు పోశావురా, చీపురైతే దులిపి మూల పెడతాం" అంది.

కార్పెట్ మీద ఈ బ్రష్ ఎందుకంత ముఖ్యం అంటే, దుమ్ము పైన ఉండదు, పోగుల మొదట్లో దిగిపోయి ఉంటుంది. పైనుంచి గాలి లాగితే కదలదు. బ్రష్ పోగుల్ని కొట్టి రేపితేనే గాలికి అందుతుంది. 1908లో ఒహాయోలోని కాంటన్‌లో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అనే ఆయన పేటెంట్ తీసుకున్న మిషన్ కూడా ఇదే పద్ధతి. ఆయన ఒక స్టోర్‌లో ఊడ్చే పని చేసేవాడు, ఆస్తమా ఉండేది. ఫ్యాన్ మోటార్, తిరిగే బ్రష్, దుమ్ము పట్టడానికి దిండు గలీబు. ఆ పేటెంట్‌నే హూవర్ అనే వ్యాపారి కొనుక్కుని వ్యాపారం చేశాడు. ఇన్నేళ్ళయినా అప్‌రైట్ లోపల పెద్దగా మారింది లేదు.

పెట్టె మీద "12 ఆంప్స్" అని పెద్దక్షరాలతో ఉంటుంది, దాన్ని చూసి కొనకండి. అది ఎంత కరెంటు తాగుతుందో చెప్తుంది, ఎంత లాగుతుందో చెప్పదు. ఇక్కడి ఇళ్ళలో మామూలు ప్లగ్గులు 15 ఆంప్స్ లైన్ మీదుంటాయి కాబట్టి పెద్ద అప్‌రైట్లు చాలావరకు 12 దగ్గరే ఆగుతాయి. 120 వోల్టుల మీద అది 1440 వాట్లు. 80 డాలర్లదైనా, 500 డాలర్లదైనా చాలాసార్లు అదే అంకె కనిపిస్తుంది.

రెండోది 180 డాలర్ల బ్యాగ్‌లెస్. నిజం చెప్పాలంటే మొదటి ఏడాది ఇది నా ఇప్పటి మిషన్ కన్నా బాగా లాగింది. తర్వాత సంక్రాంతికి మా ఆవిడ పూజ మూల దగ్గర ముగ్గు వేస్తుంటే బియ్యప్పిండి గిన్నె కార్పెట్ మీద ఒలికిపోయింది. నేను హీరోలా వాక్యూమ్ తెచ్చి మొత్తం లాగేశాను. అంత మెత్తటి పొడి డబ్బాలో ఆగదు, తిన్నగా ఫిల్టర్‌లోకి పోయి కూర్చుంటుంది. అగరుబత్తి బూడిద, మైదా, గోడ పని చేయించినప్పుడు రాలే తెల్ల పొడి, అన్నీ అంతే. లాగడం సగానికి పడిపోయింది. ఫిల్టర్ కడిగి సాయంత్రానికే పెట్టేశాను. పైకి ఆరినట్టే ఉంది కానీ లోపలి స్పాంజి తడిగానే ఉంది. వారం రోజులు వాక్యూమ్ పెట్టినప్పుడల్లా ఇల్లంతా తడి గోనెసంచి వాసన. ఒక రోజంతా ఆరనివ్వాలి, అంతకు తొందరైతే రెండో ఫిల్టర్ ఒకటి కొని ఉంచుకోవాలి.

ఇదే మిషన్ ఒకరోజు మధ్యలో టక్కున ఆగిపోయింది. పోయిందనుకుని చెత్తబుట్ట దాకా మోసుకెళ్ళాను కూడా. అది పోలేదు. గొట్టంలో అక్షింతలు, చిన్న సాక్సు కలిసి అడ్డుపడితే గాలి ఆడక మోటార్ వేడెక్కి దానంతటదే ఆగింది. అడ్డు తీసి ఓ అరగంట వదిలేస్తే మళ్ళీ నడిచింది. మీదేదైనా ఇలా ఆగిపోతే పారేసే ముందు గొట్టం ఒక చివర నుంచి టార్చి వేసి చూడండి.

మూడో ఏట గొట్టం మలుపు దగ్గర చీలింది, 30 డాలర్లు పెట్టి మార్చాను. నాలుగో ఏట హ్యాండిల్ వెనక్కి వంచేచోట మెడ ప్లాస్టిక్ విరిగింది. ఆ ముక్క విడిగా దొరకలేదు. మోటార్ అప్పటికీ కొత్తదానిలా మోగుతోంది.

మూడోది బ్యాగ్ ఉన్న జర్మన్ మిషన్, సెబో వాళ్ళ ఎక్స్ సిరీస్. వాక్యూమ్‌లు రిపేర్ చేసే షాపులో, వాడి బాగుచేసినది 420 డాలర్లకు తీసుకున్నాను. షాపు పెద్దాయన బ్రోషర్ ఏమీ ఇవ్వలేదు. పక్కన ఒక బటన్ నొక్కి బ్రష్‌ను చేత్తో బయటికి లాగి నా చేతిలో పెట్టాడు. స్క్రూడ్రైవర్ లేదు, ఏమీ లేదు. నాకు అక్కడే బేరం కుదిరిపోయింది. ఇప్పుడు నెలకోసారి టీవీ చూస్తూనే జుట్టు కోసేస్తాను. సాక్సు ఇరుక్కుంటే బెల్ట్ కాలేదాకా రానివ్వకుండా లైటు వెలిగి ఆగిపోతుంది. ఏడేళ్ళలో ఒక్క బ్రష్ మార్చాను. అయితే బరువు. మెట్ల మీద దీన్ని మోస్తుంటే నడుం గుర్తొస్తుంది.

డబ్బు సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే "ఎక్కువ పెట్టి కొంటే చివరికి చవక" అని అందరూ అంటారు. నా లెక్కలో అలా తేలలేదు. మొదటిదీ రెండోదీ ఏడాదికి దాదాపు 50 డాలర్లు పడ్డాయి. మూడోది మిషన్, ఏడాదికి 25 డాలర్ల బ్యాగులు, బ్రష్ కలిపితే ఇప్పటికి ఏడాదికి 90 పైమాటే. ఇంకో ఏడెనిమిదేళ్ళు వచ్చినా 50కి దిగదు. నాకు గిట్టింది వేరేచోట. డబ్బా దులిపినప్పుడల్లా మా ఆవిడకు తుమ్ములు పట్టుకునేవి, బ్యాగ్ మూత మూసి పారేస్తే అవి లేవు. ఏడేళ్ళయినా మొదటి ఏడాదిలాగే లాగుతోంది.

నమ్మకం కుదరక పోయినేడు ఓ స్నేహితుడి కొత్త బ్యాగ్‌లెస్ తెచ్చి చూశాం. నా మిషన్‌తో గది మొత్తం చేసి, వెంటనే అతని దానితో అదే గది చేశాం. డబ్బాలో పిడికెడు బూడిదరంగు దుమ్ము! అతను నవ్వుతూ నాకేసి చూశాడు. తర్వాతి వారం తిరగేసి చేశాం, ముందు అతనిది, తర్వాత నాది. నా బ్యాగ్‌లోనూ ఇంచుమించు అంతే వచ్చింది. కార్పెట్‌లో రెండోసారి ఎవరు లాగినా వస్తుంది. కొత్తవాటిలో తేడా తక్కువే, తేడా రెండేళ్ళ తర్వాత తెలుస్తుంది.

మీ విషయానికొస్తే, లీజు ఏడాది రెండేళ్ళే అయితే 80 డాలర్లది చాలు. కానీ షాపులో దాన్ని తిరగేయండి. బ్రష్ మీది మూత చేత్తోనో నాణెంతోనో వస్తుందా? ఆ మోడల్‌కు బ్రష్ రోల్, బెల్ట్, గొట్టం విడివిడిగా అమ్ముతున్నారా, ఫోన్‌లో అక్కడే వెతకండి. ఆ మూడింట్లో ఏ ఒక్కటి దొరకకపోయినా వదిలేయండి. ఇంట్లో ఎవరికైనా ఎలర్జీ, ఆస్తమా ఉంటే మాత్రం బ్యాగ్ ఉన్నదే. కిచెన్‌లో చెక్క నేల ఉంటే బ్రష్ ఆపే స్విచ్ ఉందో లేదో చూడండి, లేకపోతే కందిపప్పు గింజల్ని ఫ్రిజ్ కిందికి తన్నేస్తుంది.

ఇండియా వెళ్ళిపోయేటప్పుడు తీసుకెళ్ళొచ్చా అని చివర్లో అడిగారు. వద్దు. ఇది 120 వోల్టుల మోటార్, అక్కడ 230లో పెడితే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెడదామంటే 1500 వాట్ల పైది కావాలి, అదే వాక్యూమ్ అంత బరువుంటుంది. పైగా అక్కడి గ్రానైట్ నేలకు దీని బ్రష్‌తో పనే లేదు. ఇక్కడే ఎవరికైనా ఇచ్చేయండి, మిగిలిన బ్యాగులతో సహా.