నల్లపులి వ్యాసం గురించి తమ్ముడికి

తమ్ముడూ,

సిమిలిపాల్ నల్లపులుల మీద నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. వాక్యం నీ చేతిలో చక్కగా సాగుతోంది. అయితే పులి అందం దగ్గర మొదలుపెట్టి, చివరిదాకా ఆ మురిపెంలోనే ఉండిపోయావు. ఆ నలుపు ఒక ఆపద కబురు. వ్యాసం అక్కడ మొదలుకావాలి.

సిమిలిపాల్ ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లా అడవి. మిగతా పులుల అడవులతో దానికి రాకపోకలు దాదాపు తెగిపోయాయి. బయటి నుంచి కొత్త పులి రాదు, ఉన్నవే తమలో తాము జతకడతాయి. టాక్‌పెప్ అనే జన్యువులో వచ్చిన ఒక చిన్న మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా అందితేనే పిల్లకు చారలు వెడల్పై ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో శాస్త్రవేత్త ఉమా రామకృష్ణన్ బృందం 2021లో ఈ సంగతి తేల్చింది. దేశంలోని ఇతర అడవుల పులుల్లో వాళ్లకు ఆ మార్పు కనిపించలేదు. 2024లో ఒడిశా ప్రభుత్వం వెల్లడించిన లెక్కలో సిమిలిపాల్‌లో ఈడొచ్చిన పులులు 27, వాటిలో 13 ఇలా చారలు కలిసిపోయి నల్లగా కనబడేవి. అంత అరుదైన మార్పు సగం పులుల ఒంటి మీద కనబడుతోందంటే వాటి చుట్టరికం ఎంత ఇరుకైపోయిందో చూడు. మేనరికాల గురించి మన డాక్టర్లు చెప్పే భయమే ఇక్కడా ఉంది.

ఒక జాగ్రత్త. నలుపు వల్లే పులికి చేటని రాయకు, అలాగని ఎవరూ రుజువు చేయలేదు. నలుపు కంటికి కనబడింది కాబట్టి మనకు తెలిసింది. అదే దారిన కంటికి కనబడని లోపాలు పోగుపడితే? అమెరికాలోని ఫ్లోరిడాలో ప్యూమాలనే పిల్లిజాతి మృగాలకు అదే జరిగింది. తోకలు వంకర్లు తిరిగాయి, గుండెలో లోపాలు వచ్చాయి, మగవాటిలో వృషణాలు కిందికి దిగలేదు. 1995లో టెక్సాస్ నుంచి 8 ఆడ ప్యూమాలను తెచ్చి వదిలాక ఆ లోపాలు తగ్గి, సంఖ్య పెరిగింది.

నీ వ్యాసంలో జీనత్ ఊసే లేదు. అసలు కథ ఆమెదే. సిమిలిపాల్‌కు కొత్త రక్తం కోసం 2024 నవంబరులో మహారాష్ట్రలోని తడోబా పులుల అడవి నుంచి తెచ్చిన ఆడపులి జీనత్. వదిలాక అడవి దాటి జార్ఖండ్ మీదుగా పశ్చిమ బెంగాల్‌కు నడిచిపోయింది. డిసెంబరు చివర బాంకుడా జిల్లాలో మత్తుమందిచ్చి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. ఏ పులిని ఎక్కడి నుంచి తేవాలో జన్యుశాస్త్రం చెప్పగలదు. వచ్చిన పులి అక్కడ నిలవాలంటే ఆహారం, చోటు, చుట్టుపక్కల ఊళ్ల ఓర్పు కావాలి. ఈ సగం కూడా రాయాలి, నాకు ఇది ఎంతో ముఖ్యం.

ఇంకొకటి. 'డీఎన్ఏ పరీక్షలు చేశారు' అని ఒక్క ముక్కలో దాటేశావు. పులిని తాకకుండానే దాని జన్యువులు ఎలా చదువుతారో చూపించు. అడవి బాటలో దొరికిన మలం పైపొరలో పేగు గోడ నుంచి రాలిన కణాలు ఉంటాయి. ఆ పొరనే జాగ్రత్తగా తీసి సీసాలో భద్రపరుస్తారు. ఎండకూ వానకూ డీఎన్ఏ చెడిపోతుంది కాబట్టి తాజాది వెతకాలి. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వారి లాకోన్స్ ఉంది, అంతరించిపోయే జాతులను కాపాడేందుకు పనిచేసే ప్రయోగశాల అది. అనుమతి తీసుకుని వెళ్లి, అక్కడ పనిచేసేవాళ్లను అడుగు.

శీర్షికలో 'అద్భుతం' అన్న మాట తీసేయ్. జీనత్ నడిచిన దారిలోని పల్లెలవాళ్లు ఆ రోజులు ఎలా గడిపారో తెలుసుకుని, అది చేర్చి మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య