అక్కలు తలూపుతారు, నోరు విప్పరు

ప్రశ్న: మాది అచ్చంపేట దగ్గర పల్లె. పశుసంవర్థక పాలిటెక్నిక్ డిప్లొమా చేశాను, వయసు 23. ఆరు నెలలుగా ఒక సంస్థ తరఫున మహిళా సంఘాల వాళ్లకు గొర్రెల పెంపకం మీద శిక్షణ ఇస్తున్నాను. బ్యాచ్‌కు ముప్పై మంది. నేను ప్రొజెక్టర్ పెట్టి చెప్తుంటే తలూపుతారు. ఏదైనా అడిగితే తల దించుకుంటారు. మధ్యాహ్నం తిన్నాక సగం మంది కునుకు తీస్తారు. క్లాసు అంటేనే టెన్షన్‌గా ఉంది. ఈ పని నాకు సరిపడదేమో, మానేసి గ్రూప్-4 కోచింగ్‌కు పోవాలా?

జవాబు: ఇప్పుడే మానొద్దమ్మా. ఆ అక్కలు మాట్లాడకపోవడం మీకు చెప్పడం రాదనడానికి రుజువు కాదు. మీరు వాళ్లకు తెలియనిదాంతో క్లాసు మొదలుపెడుతున్నారు, ఇబ్బంది అక్కడే ఉంది.

మీ ముందు కూర్చున్నవాళ్లు ఎవరో ఒకసారి గుర్తు చేసుకోండి. 2019 పశుగణన ప్రకారం మన తెలంగాణలో 1.9 కోట్లకు పైగా గొర్రెలున్నాయి, దేశంలో మనదే మొదటి స్థానం. గొంగడికి, గొర్రెకు పాలమూరుకున్న పేరు మీకు నేను చెప్పక్కర్లేదు. మగవాళ్లు మందతో దూరం పోతే ఇంటి దగ్గర గొర్రెపిల్లలకు పాలు తాపేది, కుంటే గొర్రెను కనిపెట్టేది ఈ అక్కలే. మీరు పుట్టకముందు నుంచి ఆ పని చేస్తున్నవాళ్లు కొందరుంటారు. అలాంటివాళ్లకు తెర మీద ఇంగ్లిషు పేరు చూపించి ‘ఈ రోగం గురించి ఎవరికి తెలుసు?’ అంటే ఏం చెప్తారు? అదే ‘చిటుక రోగం’ అనండి. పోయిన తొలకరికి ఎవరి మందలో ఎన్ని పోయాయో అడగండి. లేత గడ్డి ఒక్కసారిగా మేసి, సాయంత్రం దాకా బాగున్న గొర్రె తెల్లారేసరికి చచ్చిపడిన సంగతి ఒక్కరు చెప్పడం మొదలుపెడితే చాలు, పక్కవాళ్లు ఆగరు. వానలకు ముందే టీకా ఎందుకు వేయించాలో మీరు అప్పుడు చెప్పండి. తాము పోగొట్టుకున్నదాని గురించే చెప్తున్నారని తెలిశాక వాళ్ల చెవి మీ వైపే ఉంటుంది.

మాల్కం నోల్స్ అనే అమెరికన్ విద్యావేత్త పెద్దల చదువు మీదే జీవితమంతా పనిచేశాడు. పెద్దవాళ్లు తమ అనుభవాన్ని వెంట తెచ్చుకుంటారని, ఇది నాకెందుకు అన్నదానికి జవాబు దొరికితేనే మనసు పెడతారని ఆయన గట్టిగా చెప్పాడు. మన ఊరి భాషలో చెప్పాలంటే, పెద్దమ్మకు మర్యాద ఇచ్చి పీట వేసి, ఆమె మాట ముందు వినాలి.

నేను కొత్తగా ఈ పనిలోకి వచ్చినప్పుడు నారాయణపేట వైపు సంఘం సభ్యులకు జమాఖర్చులు నేర్పాను. మూడు రోజులూ మౌనమే. చివరి రోజు ఒక పెద్దమ్మ బయట చెట్టు కింద నాతో అంది: ‘సారూ, అందరి ముందట అడిగితే నాకు రాదని తెలుస్తది గద.’ మొదటి రోజే అందరి చేతుల్లో అచ్చు కాగితాలు పెట్టి, ఒక్కొక్కరిని లేపి చదివించింది నేనే. చదువు రాని ఆమె ఆ మూడు రోజులూ ఎంత నలిగిపోయిందో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే చెప్తున్నా, ఎవరినీ పేరు పెట్టి లేపి అడగొద్దు. ముందు పక్కనున్న ఆమెతో రెండు నిమిషాలు మాట్లాడుకోమనండి. ఆ తర్వాత ‘మీ ఇద్దరూ ఏమనుకున్నారక్కా?’ అంటే జవాబు వస్తుంది, ఎందుకంటే తప్పైనా అది ఒక్కరి తప్పు కాదు.

ఇంకో సంగతి ఉంది, బయటి నుంచి వచ్చిన ట్రైనర్లకు ఇది తొందరగా కనబడదు. ఒకే బ్యాచ్‌లో అత్తా కోడలూ ఉంటే కోడలు నోరెత్తదు. సంఘం లీడరమ్మ ముందు వరసలో ఉంటే అన్నిటికీ ఆమే జవాబిస్తుంది. లీడరమ్మను గౌరవంగా మీకు సాయంగా పెట్టుకోండి, అత్తాకోడళ్లను వేర్వేరు జట్లలో వేయండి. కుర్చీల వరసలు తీసేసి చాపలు గుండ్రంగా పరిపించండి.

మధ్యాహ్నం కునుకుకు వాళ్లను తప్పుపట్టకండి. తెల్లవారుజామున లేచి ఇంటి పని, దొడ్డి పని ముగించుకుని వచ్చినవాళ్లు. మాటలన్నీ పొద్దున పెట్టుకుని, తిన్నాక చేతికి పని ఇవ్వండి. ఒక గొర్రెను తెప్పించి మధ్యలో నిలబెట్టి ‘దీని వయసెంత?’ అని మాత్రం అడిగి ఊరుకోండి. ఎవరో ఒక అక్క ముందుకొచ్చి, దవడ పట్టుకుని బొటనవేలితో కింది పెదవి దించి చూస్తుంది. ‘నాలుగు పండ్లు. రెండేండ్లు అయితున్నట్టుంది’ అంటుంది. ఇంకొకరు కాదంటారు. వాళ్లను వాదించుకోనివ్వండి, మీరు మధ్యలో పోవద్దు. తర్వాత థర్మామీటర్ వాళ్ల చేతికే ఇచ్చి జ్వరం చూడమనండి. గొర్రెకు 102, 103 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలే అని అప్పుడు చెప్తే ఇంటికి పోయాక కూడా గుర్తుంటుంది.

‘అర్థమైందా?’ అనే మాట మానేయండి. దానికి ఎవరైనా ‘ఆఁ’ అనే అంటారు. ‘రేపు పొద్దున మీ దొడ్లో ముందు ఏం మారుస్తావక్కా?’ అని అడిగి, మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగండి. ఆ పది అంకెలు చాలా పొడుగ్గా అనిపిస్తాయి. అయినా మీరే జవాబు చెప్పేయొద్దు.

ఇక ఉద్యోగం సంగతి. పెద్దవాళ్లతో మాట్లాడించగలిగే ట్రైనర్లు తక్కువ, వాళ్ల అవసరం ఎక్కువ. పల్లె యువతకు స్వయం ఉపాధి శిక్షణ ఇచ్చే రుడ్‌సెట్ సంస్థ 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైంది. ఆ నమూనాలోనే బ్యాంకులు జిల్లాల్లో ఆర్‌సెటీలు, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు, నడుపుతున్నాయి. మీకు దగ్గర్లోనే పాలెం కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వనపర్తి వైపు మదనాపురంలో ఇంకొకటి ఉంది. అడిగి ఒక రోజు వెనక కూర్చుని, అక్కడివాళ్లు రైతులతో ఎలా మాట్లాడుతున్నారో చూసి రండి. గ్రూప్-4 రాయాలని నిజంగా ఉంటే రాయండి, వద్దనను. మౌనానికి భయపడి మాత్రం పోకండి.

వచ్చే బ్యాచ్ మొదటి గంటలో ఎంతమంది నోరు విప్పారో ఒక చీటీ మీద గీతలు పెట్టుకోండి. మూడు బ్యాచ్‌లు అలా చేసి, ఆ చీటీలు దగ్గర పెట్టుకుని మళ్లీ నాకు రాయండి. కోచింగ్ మాట అప్పుడు మాట్లాడుకుందాం.