మీటర్ ఆడుతోంది, స్పీకర్ పలకడం లేదు

ప్రశ్న: నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. విండోస్ 10కి 2025 అక్టోబరుతో మద్దతు ఆగిపోయిందని మా అబ్బాయి నా పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ మింట్ 22 వేసి వెళ్లాడు. అంతా బాగానే ఉండేది. మొన్న గాలివానకు కరెంటు పోయి వచ్చినప్పటి నుంచి శబ్దం లేదు. వాల్యూమ్ నూరు శాతం చూపిస్తోంది. పాట పెడితే సౌండ్ సెట్టింగుల్లో మీటర్ గీత ఆడుతూనే ఉంది. షాపులో అడిగితే సౌండ్ చిప్పు పోయింది, బోర్డు మార్చాలి అన్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: బోర్డు జోలికి వెళ్లకండి. గీత ఆడుతోందని రాశారు చూడండి, నాకు కావలసిన సాక్ష్యం అదే. పాట ప్లేయర్ నుంచి బయలుదేరింది, సగం దారి వచ్చింది. ఆ తర్వాత ఎక్కడో ఆగింది.

మీరు నీటిపారుదల వారు కాబట్టి మీ లెక్కలోనే చెబుతాను. ధవళేశ్వరంలో గేట్లు ఎత్తినంత మాత్రాన శివారు చేలోకి నీరు వస్తుందా? మధ్యలో లాకులు, తూములు, చివర పంటబోదె ఉన్నాయి. ఎక్కడ పలక దిగి ఉన్నా కింద ఎండే. లినక్స్‌లో శబ్దానికీ అలాంటి అంచెలే ఉన్నాయి. పైన మీ పాటల ప్లేయర్. దాని కింద పైప్‌వైర్. మింట్ 22లో అన్ని ప్రోగ్రాముల శబ్దాన్నీ కలిపి పంపేది ఇదే. దాని కింద ఆల్సా. యారోస్లావ్ కిసెలా 1998లో మొదలుపెట్టిన ఈ పని, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో 2.6 వెర్షన్ నుంచి భాగం. చిప్పుతో నేరుగా మాట్లాడేది ఆల్సాయే. తెర మీది వాల్యూమ్ గీత పై అంచె సంగతి చెబుతుంది. చిప్పు దగ్గర విడివిడిగా ఉన్న మీటల్లో ఏది మూసుకుపోయిందో దానిలో కనిపించకపోవచ్చు.

కాబట్టి కింది నుంచి వెతకండి. టెర్మినల్ తెరిచి ఆల్సామిక్సర్ (alsamixer) అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. నల్ల తెర మీద నిలువు కడ్డీలు వస్తాయి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మొదట వచ్చేది ఒకే ఒక్క మాస్టర్ కడ్డీ, పైన కార్డు పేరు పైప్‌వైర్ అనో పల్స్‌ఆడియో అనో ఉంటుంది. అది అసలు కార్డు కాదు. ఎఫ్6 నొక్కి, వచ్చిన జాబితాలో హెచ్‌డీఏ ఇంటెల్ పీసీహెచ్ లాంటి పేరు ఎంచుకోండి. ఏఎమ్‌డీ యంత్రమైతే హెచ్‌డీ-ఆడియో జెనరిక్ అని ఉండవచ్చు. ఇప్పుడు కడ్డీలు బారులు తీరి కనిపిస్తాయి: మాస్టర్, హెడ్‌ఫోన్, పీసీఎమ్, ఫ్రంట్, లైన్ అవుట్... ఏవేవి ఉంటాయన్నది చిప్పును బట్టి.

ప్రతి కడ్డీ అడుగున చిన్న గడి ఉంటుంది. అందులో రెండు ఎమ్‌లు కనిపిస్తే ఆ దారి మూసి ఉంది. పక్క బాణాలతో దాని మీదికి వెళ్లి ఎమ్ కీ నొక్కితే తెరుచుకుంటుంది. కడ్డీ సున్నాలో ఉంటే పై బాణంతో పెంచండి. మాస్టర్ నూరులో ఉండి ఫ్రంట్ మూసి ఉన్న యంత్రాలు నా బల్ల మీదికి ఎన్నో వచ్చాయి. వాటిలో కొన్నింటికి అప్పటికే ఎవరో సిస్టమ్ మొత్తం మళ్లీ ఎక్కించి డబ్బు తీసుకున్నారు కూడా. ఏది పాడైందో చూడకుండా అంతా చెరిపేసి మళ్లీ వేయడాన్ని నేను మరమ్మతు అనను.

అన్నీ తెరిచే ఉంటే కుడివైపు చివరికి వెళ్లి ఆటో-మ్యూట్ మోడ్ అనే అంశం చూడండి. కంప్యూటర్ ముందు వైపు సాకెట్‌లో హెడ్‌ఫోన్ పెట్టగానే వెనుక స్పీకర్లను ఆపేది ఇదే. మన కోనసీమలో నా మొదటి అనుమానం దీని మీదే. సముద్రపు గాలి, ఏడాది పొడుగునా తేమ. ముందు సాకెట్ లోపలి చిన్న రేకు చిలుము పట్టినా, వంగినా, ఏమీ పెట్టకుండానే హెడ్‌ఫోన్ పెట్టినట్టు కంప్యూటర్‌కు తప్పుడు కబురు అందవచ్చు. దీన్ని రూఢి చేసుకోవడం తేలిక. పావుకంట్రోల్ (pavucontrol) అనే ప్రోగ్రామును సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి వేసుకుని, అవుట్‌పుట్ డివైసెస్ పేజీలో పోర్టుల జాబితా తెరవండి. ఏమీ పెట్టకపోయినా హెడ్‌ఫోన్స్ పక్కన ప్లగ్డ్ ఇన్ అని ఉంటే దొంగ దొరికినట్టే. కంప్యూటర్ ఆపి, హెడ్‌ఫోన్ పిన్నును సాకెట్‌లోకి పదేపదే పెట్టి తీయండి. ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి ఆరనివ్వండి. కొబ్బరినూనె మాత్రం వద్దు. నవ్వకండి, రాసి తెచ్చినవారున్నారు. అప్పటికీ మారకపోతే ఆటో-మ్యూట్‌ను బాణంతో డిజేబుల్డ్‌కు మార్చి, పావుకంట్రోల్‌లో పోర్టును లైన్ అవుట్‌గా ఎంచుకోండి.

కరెంటు పోతే ఇదంతా ఎందుకు మారిందంటారా? మిక్సర్ అమరికలు మామూలుగా కంప్యూటర్‌ను పద్ధతిగా ఆపినప్పుడు ఒక ఫైలులోకి చేరతాయి, తెరిచినప్పుడు అక్కడి నుంచి తిరిగి వస్తాయి. హఠాత్తుగా ఆరిపోతే కొత్తవి చేరవు; ఏనాటివో పాతవి వస్తాయి. అంతా సరిచేశాక టెర్మినల్‌లో సుడో, ఆల్సాసీటీఎల్, స్టోర్ (sudo alsactl store) అనే మూడు మాటలు వరుసగా కొట్టి పాస్‌వర్డ్ ఇవ్వండి, అప్పటికప్పుడు భద్రమవుతాయి. చిన్న యూపీఎస్ కొనడం అంతకన్నా మంచిది. వానాకాలంలో మన కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా.

ప్రశ్న: మా మామగారు పద్య నాటకాలు ఆడేవారు. ఆయన పద్యాలు కాసెట్లలో ఉన్నాయి. టేప్‌రికార్డర్ నుంచి వైరు పెట్టి, ఉబుంటు లినక్స్ ఉన్న డెస్క్‌టాప్‌లోకి ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రాముతో ఎక్కిస్తున్నాను. పద్యం ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. వెనుక మా వంటింటి మిక్సీ కూడా వినిపిస్తోంది.
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: అమ్మా, వైరు గుండా మిక్సీ మోత రాదు. కంప్యూటర్ మీ వైరును వదిలేసి వెబ్‌క్యామ్ మైకు నుంచి వింటోంది. ఆడాసిటీలో రికార్డింగ్ నడుస్తుండగా పావుకంట్రోల్‌లో రికార్డింగ్ పేజీ తెరవండి. ఏ మైకు నుంచి తీసుకుంటోందో అక్కడ కనిపిస్తుంది, అక్కడే మార్చవచ్చు. తర్వాత ఇన్‌పుట్ డివైసెస్ పేజీలో పోర్టు లైన్ ఇన్ అని ఎంచుకోండి.

వైరు పెట్టవలసింది వెనుక ఉన్న నీలి సాకెట్‌లో. గులాబీ రంగుది మైకు కోసం. టేప్‌రికార్డర్ ఇచ్చే బలానికి అందులో పద్యం పగిలిపోతుంది. ఆల్సామిక్సర్‌లో ఎఫ్4 నొక్కితే లోపలికి వచ్చే దారులు కనిపిస్తాయి. క్యాప్చర్ కడ్డీ అడుగున ఎర్ర అక్షరాలు లేకపోతే స్పేస్ కీ నొక్కండి. బూస్ట్ అని పేరున్న ప్రతి కడ్డీనీ సున్నాకు దించండి.

రికార్డింగ్ మట్టం పెట్టేటప్పుడు సంభాషణ చూసి పెట్టకండి. పద్యం చివర రాగం అందుకునే చోటు మీకు తెలిసే ఉంటుంది, జనం వన్స్‌మోర్ అనేది అక్కడే. కాసెట్‌ను అక్కడికి తిప్పి, ఆడాసిటీ మీటర్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా క్యాప్చర్ తగ్గించండి. మిగతాది మెల్లగా ఉన్నా తర్వాత పెంచుకోవచ్చు, పగిలిన రాగాన్ని అతికించలేం. సన్నగా బుయ్యిమనే మోత వస్తే టేప్‌రికార్డర్‌ను బ్యాటరీ సెల్స్ మీద నడిపి చూడండి. మోత ఆగితే తప్పు కరెంటు ఎర్తింగుది, కాసెట్‌ది కాదు. అసలు ప్రతిని నాణ్యత తగ్గని ఫ్లాక్ రూపంలో దాచండి, బంధువులకు పంపడానికి ఎంపీ3 చాలు.

ప్రశ్న: హెచ్‌డీఎమ్‌ఐ వైరు పెడితే బొమ్మ టీవీలో, మాటలు కంప్యూటర్ స్పీకర్లలో. ఏం చేయాలి?
– భీమవరం

జవాబు: ముందు టీవీ వేసి ఉంచండి. పావుకంట్రోల్‌లో కాన్ఫిగరేషన్ పేజీకి వెళ్లి ప్రొఫైల్‌ను డిజిటల్ స్టీరియో హెచ్‌డీఎమ్‌ఐకి మార్చండి. అలాంటివి రెండు మూడు కనిపిస్తే ఒక్కొక్కటీ చూడండి. వైరు ఉన్నది ఏదో ఒకదానికే.

ప్రశ్న: ధనుర్మాసంలో మా గుడిలో పాశురాలు ల్యాప్‌టాప్ నుంచి యాంప్లిఫయర్‌కు ఇస్తాం. వాల్యూమ్ 150 శాతానికి పెంచినా గరగర తప్ప స్పష్టత లేదు.
– అమలాపురం దగ్గరి గ్రామం

జవాబు: పెంచబట్టే గరగర. నూరు దాటితే అదంతా సాఫ్ట్‌వేర్ లెక్కల్లో సాగదీసిన శబ్దం. గట్టిగా ఉన్న చోట శబ్దపు అలల శిఖరాలు తెగిపోతాయి. ల్యాప్‌టాప్‌ను 90 దగ్గర ఉంచి, కావలసినంత యాంప్లిఫయర్‌లో పెంచండి. ఊరంతటినీ తెల్లవారుజామున లేపనవసరం లేదని నా అభిప్రాయం, అది కమిటీ ఇష్టం. ల్యాప్‌టాప్ తీగను యాంప్లిఫయర్‌లో మైకు సాకెట్‌కు కాకుండా, ఆక్స్ అని రాసి ఉన్న సాకెట్‌కు ఇవ్వండి.