చిల్లర్ ట్యూబుకి హైవోల్టేజి పెట్టొచ్చా?

ప్రశ్న: ఐస్ ప్లాంట్లో ఆపరేటర్‌గా చేస్తున్నాను. మాది అమ్మోనియా ప్లాంటు. అమ్మోనియా ద్రవం మరిగి చల్లదనం ఇచ్చే చిల్లర్ ట్యూబుల దగ్గర హైవోల్టేజి పెడితే ద్రవం బాగా మరిగి కరెంటు బిల్లు తగ్గుతుందని ఒకాయన చెప్పారు. నిజమేనా? మేమూ చేయొచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఆయన చెప్పింది నిజమే అబ్బాయా. కానీ మీ ప్లాంట్లో మాత్రం ఆ పని చెయ్యొద్దు.

కారం దోసె పెనం బాగా కాలినప్పుడు నీళ్లు చిలకరిస్తే చుక్క వెంటనే ఇంకిపోదు. ముత్యంలా గుండ్రంగా పెనమంతా పరిగెడుతుంది. కింద పరుచుకున్న ఆవిరి పొర వేడిని పైకి రానీయదు. 1756లోనే లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు దీని గురించి రాశాడు. మీ ట్యూబు అంత వేడెక్కదు గానీ, సూత్రం అదే: బుడగ పుట్టి వెంటనే ఊడిపోతే వేడి బాగా అందుతుంది, అతుక్కుని కూర్చుంటే అడ్డం.

ట్యూబుకి ఎర్త్ ఇచ్చి, కొన్ని మిల్లీమీటర్ల దూరంలో తీగకో జాలీకో వేల వోల్టులు ఇస్తే, ద్రవం విద్యుత్ క్షేత్రం బలంగా ఉన్న వైపు లాగబడుతుంది, ఆవిరి బలం తక్కువున్న వైపు పోతుంది. కరెంటు మరిగించడం లేదు, బుడగల్ని కదుపుతోంది, అంతే. అందుకే ఖర్చయ్యే పవర్ చాలా తక్కువ. వేడి బాగా అందితే చిల్లర్ని అంత చల్లగా నడపక్కర్లేదు, సక్షన్ ప్రెషర్ (కంప్రెసర్ పీల్చుకునే ఆవిరి ప్రెషర్) పెరిగి కంప్రెసర్ మీద భారం తగ్గుతుంది. బిల్లు తగ్గేది అక్కడ. తీగ తప్పు చోట పెడితే మాత్రం బుడగలు ట్యూబు మీదికే నెట్టబడతాయి.

దీనికి కరెంటు పారనివ్వని ద్రవం కావాలి. ఫ్రిజ్‌లలో వాడే ఆర్-134ఎ లాంటి గ్యాసుల ద్రవంతో ల్యాబుల్లో బాగా పనిచేసింది. మీ అమ్మోనియాలో తేమ, నూనె కలిసి ఉంటాయి, కాబట్టి కరెంటు పారదన్న భరోసా లేదు. పైగా లీకై గాలిలో 15 నుంచి 28 శాతం దాకా చేరిన అమ్మోనియా నిప్పురవ్వ తగిలితే అంటుకోవచ్చు. మనుషులు పనిచేసే చోట అది నాకు భయం.

నేను పనిచేసిన ఒక ప్లాంట్లో ఒక వేసవి ఐసు దిమ్మ కట్టడం బాగా ఆలస్యమైంది. అందరం కంప్రెసర్ మీద పడ్డాం. తీరా చూస్తే చిల్లర్ అడుగున కంప్రెసర్ నూనె. అమ్మోనియా కన్నా బరువు కదా, అడుగుకి చేరి ట్యూబులకి పట్టేసింది. తీస్తే నల్లగా, జిగటగా, నురగలు కక్కుతూ బకెట్లోకి వచ్చింది. రెండు రోజుల్లో దిమ్మలు మళ్లీ టైముకి కట్టాయి.

ముందు మీ ఆయిల్ పాట్ (చిల్లర్ నుంచి దిగిన నూనె చేరే పాత్ర) చూడు. మాస్కు, గ్లోవ్స్ లేకుండా, పక్కన ఇంకో మనిషి లేకుండా దాని వాల్వు ముట్టుకోవద్దు.