షెల్టరు తాళం గురించి

చిరంజీవి అమ్మాయికి,

నీకు కోనసీమలో సముద్రపు మండలం ఇచ్చారని మీ నాన్న ఫోన్ చేస్తే వీధంతా చెప్పుకొచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అక్టోబరు, నవంబరు ముందున్నాయి. ఉరిమితే మంచం కింద దూరే పిల్లవి, ఇప్పుడు తహసీల్దారువి.

మామూలు సంగతులు నీకు తెలుసు. జనరేటరుకి డీజిలు, చెట్లు కోసే రంపాలు, నెలలు నిండిన వాళ్ళ జాబితా గాలి మొదలవకముందే సిద్ధంగా ఉండాలి. 2014లో హుద్‌హుద్ తుఫానుకి అంత విశాఖలోనే ఫోన్లు మూగబోయాయి, కాబట్టి పోలీసు వైర్‌లెస్ సెట్టు నీ పక్కనే పెట్టుకో. తుఫాను కన్ను మీదికొచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా ఆగుతుంది. అయిపోయిందనుకుని జనం గొడ్లను చూసుకోవడానికి బయల్దేరతారు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ కొడుతుంది. ఎవర్నీ కదలనివ్వకు.

ఇక తాళం సంగతి. ఇది మీ పెద్దమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

1996లో నేను అటువైపే ఎమ్మార్వోని. ఊరి పేరు రాయను. అక్కడి తుఫాను షెల్టరులో ఒక వీధివాళ్ళు వలలు, ఇంకో వీధివాళ్ళు ఎండుచేపల గంపలు పెట్టుకుని గొడవపడేవారు. రెండు వైపులవాళ్ళనీ కూర్చోబెట్టి మాట్లాడితే ఒక పూట పని. నేను మాట్లాడలేదు. జీపు దిగి, కులపెద్దని నలుగురి ముందూ కసిరి, సరుకంతా బయట పడేయించి, తాళం వేయించి, చెవి మా ఆఫీసు గుమాస్తాకిచ్చాను. పని చక్కబెట్టానని గర్వపడ్డాను కూడా.

నవంబరు 6. పొద్దుటి నుంచీ పైవాళ్ళకి రిపోర్టులు పంపుతూ కూర్చున్నాను. వేటకెళ్ళి తిరిగిరాని పడవలేవో మత్స్యశాఖ ఆయనకి తెలుసు. పక్క గదిలోనే ఉన్నాడు, నేను అడగలేదు. మగవాళ్ళు ఒడ్డుకి రాకుండా ఆడవాళ్ళు ఇళ్ళు కదలరని ఆ కులపెద్దకి తెలుసు. కసిరిన రోజు నుంచీ ఆయన మా గుమ్మం తొక్కలేదు. మైకు జీపు మాత్రం రెండుసార్లు తిప్పించాను. సాయంత్రం గాలికి జడిసి జనం షెల్టరుకి పరుగెత్తుకొస్తే తాళం వేసుంది. గుమాస్తా కూతురి కాన్పని అమలాపురం వెళ్ళాడు. సెలవు చీటీ మీద సంతకం నాదే. గునపంతో పగలగొట్టేలోగా, వానలో నిలబడ్డవాళ్ళ మీద కొబ్బరిచెట్టు విరిగిపడింది. ఒక ముసలమ్మ పోయింది.

ఆ తుఫానుకి వెయ్యిమందికి పైగా పోయారు, అందులో చాలామంది వేటకెళ్ళినవాళ్ళు. ఆ ముసలమ్మ చావు మాత్రం నా ఖాతాలోదే.

మర్నాడు దారికడ్డంగా పడ్డ చెట్లు నరికింది ఆ కులపెద్ద కుర్రాళ్ళే. ఆయన నన్నొక్క మాట అనలేదు. మధ్యాహ్నం వండినచోట నాకూ ఆకు వేయించాడు. ఆ అన్నం ఎలా మింగానో నాకే తెలుసు.

అందుకని, చేరిన మొదటి వారంలోనే షెల్టర్లన్నీ నువ్వే స్వయంగా తిరుగు. ఒక్కోదానికి మూడు చెవులు చేయించు. ఒకటి వీఆర్వోకి, ఒకటి బడి హెడ్మాస్టరుకి, ఒకటి షెల్టరు ఎదురింటి ఇల్లాలికి. ఆవిడ దగ్గరున్నదే అక్కరకొస్తుంది. మూడూ నీ చేత్తో తిప్పి చూడు తల్లీ, ఉప్పుగాలికి తాళాలు తుప్పెక్కి బిగుసుకుపోతాయి. వానాకాలం ముందోసారి, మధ్యలో ఓసారి నూనె వేయించు.

ఎస్సై, లైన్‌మన్, పీహెచ్‌సీ డాక్టరు, మత్స్యశాఖవాళ్ళు, వీళ్ళెవరూ నీ కింద పనిచేసేవాళ్ళు కారు. ఎండ కాస్తున్న రోజునే పిలిచి టీ ఇప్పించు, ఎవరి దగ్గర ఏముందో, ఎవరికి ఏం తెలుసో అడుగు. ఊళ్ళో పెద్దవాళ్ళ గుమ్మానికి నువ్వే వెళ్ళు. కోపం నీకు మా వైపు నుంచే వచ్చింది. నలుగురిలో ఎవరి మీదా గొంతు లేపకు. లేపావని తెలిస్తే బస్సెక్కి వచ్చి మరీ తిడతాను.

గాలి తగ్గాక మీ అమ్మకి కబురు పెట్టు. ఫోన్లు పనిచెయ్యకపోతే వైర్‌లెస్‌లో మా ఊరి స్టేషనుకి చెప్పించు. నేను అక్కడే బెంచీ మీద కూర్చుని ఉంటాను.

ఆశీస్సులతో,
పెదనాన్న