పిల్లలున్న ఇంట్లో పిట్‌బుల్‌ని పెంచుకోవచ్చా?

ప్రశ్న అడిగినవారు డాలస్ దగ్గర ఇల్లు తీసుకున్నారట, ఆరేళ్ల బాబు ఉన్నాడట, వదిలేసిన కుక్కల్ని ఉంచే షెల్టర్‌లో ఒక పిట్‌బుల్ నచ్చిందట. "పిల్లాడున్న ఇంట్లో అదేం పిచ్చి" అని చుట్టాలూ స్నేహితులూ భయపెడుతున్నారట.

పెంచుకోవచ్చండీ. మేమూ డాలస్ దగ్గరే ఉంటాం. ఇద్దరు పిల్లలు, ఒక పిట్‌బుల్. పేరు రాగి. ఒంటి రంగు చూసి మా అత్తగారు పెట్టిన పేరు. మిమ్మల్ని భయపెడుతున్న వాళ్లలో ఒక్కరైనా పిట్‌బుల్‌ని ముట్టుకున్నారేమో అడిగి చూడండి. ఉండరు. వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూసి మాట్లాడేవాళ్లే అందరూ.

అలాగని రెండో వైపు వాళ్లనీ నమ్మకండి. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో పసిపిల్లల్ని చూసుకోవడానికే ఈ జాతిని పెంచారని ఫేస్‌బుక్‌లో ఒక కథ తిరుగుతూ ఉంటుంది. ఉత్త కట్టుకథ. అక్కడ ఎద్దుల మీదికి కుక్కల్ని ఉసిగొల్పే ఆటను 1835లో చట్టం చేసి ఆపారు. దాంతో ఆ సరదా కుక్కల పందేల మీదికి మళ్లింది. బుల్‌డాగ్‌నీ టెర్రియర్‌నీ కలిపి ఆ పందేల కోసం తయారు చేసిన రక్తం ఇది. దాచాల్సిన పని లేదు.

మాది భీమవరం పక్క ఊరు కాబట్టి నాకు ఈ విషయం తేలిగ్గానే అర్థమైంది. పందెం పుంజుని చూశారు కదా. దాన్ని చంకలో పెట్టుకుని తిరుగుతారు, చేత్తో బాదంపప్పు తినిపిస్తారు, ఒళ్లంతా నిమురుతారు. కిమ్మనదు. పక్కింటి పుంజు గోడ మీద కనిపించిందా, ఇక దాని లోకమే వేరు. పిట్‌బుల్ కూడా అంతే. మనుషుల దగ్గర వెన్నముద్ద. జాగ్రత్తంతా ఇంకో కుక్క దగ్గర. నన్నడిగితే, నూటికి తొంభై మంది భయపడకూడని చోట భయపడి, భయపడాల్సిన చోట నిర్లక్ష్యంగా ఉంటారు.

మా ఇళ్ల వెనక చెరువు చుట్టూ నడిచే బాట ఒకటుంది. ఒక సాయంత్రం నేనూ మా పాపా రాగిని తీసుకుని వెళ్తున్నాం. మెడకి వెడల్పాటి పట్టీ, చేతిలో ఆరడుగుల లీష్, అంటే కుక్కని కట్టి పట్టుకునే తాడు. మలుపులోంచి ఒక గోల్డెన్‌డూడుల్, ఆ ఉంగరాల జుట్టు కుక్క, లీష్ లేకుండా మా మీదికి పరిగెత్తుకొస్తోంది. వంద గజాల వెనక దాని యజమాని, చేతిలో ఫోన్. అక్కణ్ణుంచే అరిచాడు, "కంగారు పడకండి, మావాడు చాలా ఫ్రెండ్లీ!"

ఈ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. మీవాడు ఫ్రెండ్లీయే, ఒప్పుకున్నాం. మాది ఏమిటో అడిగారా? అంతకన్నా ఘోరం ఆ సాగే తాడు లీష్‌లు. కుక్క ఇరవై అడుగుల అవతల ఉంటుంది, మనిషి చేతిలో ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, పేరుకి మాత్రం లీష్ కట్టినట్టే. ఈయనకి అదీ లేదు.

రాగిలో మార్పు నాకు ముందే కనిపించింది. అప్పటిదాకా నాలుక వేలాడేసుకుని నడుస్తున్నది టక్కున నోరు మూసింది. తోక నిటారుగా లేచి బిగుసుకుపోయింది. మొరగలేదు, గుర్రుమనలేదు. పాపని పక్కనున్న బెంచీ ఎక్కి నిలబడమన్నాను. నేను తిరిగేలోపు ఆ డూడుల్ వచ్చి రెండు ముందుకాళ్లూ రాగి భుజం మీద వేసింది. అంతే. డూడుల్ మెడ దగ్గర జుట్టూ, ఒంటికి కట్టిన హార్నెస్ పట్టీ కలిపి రాగి పట్టేసింది.

పిట్‌బుల్ దవడకి తాళం పడుతుందంటారే, అలాంటిదేమీ ఉండదు. దాని దవడ ఎముక కూడా మిగతా కుక్కల్లాంటిదే. ఉన్నదల్లా పట్టుదల. డూడుల్ కీచుమని అరుస్తోంది, రాగి నోట్లోంచి మాత్రం చిన్న శబ్దం కూడా లేదు. అదే చూసేవాళ్లని ఎక్కువ భయపెడుతుంది. ఆయన వచ్చి తన కుక్క వెనక కాళ్లు పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. లాగితే చర్మం చిరిగి చేతికొస్తుంది, లాగొద్దని గట్టిగా అరిచాను. మాకు ట్రైనర్ నేర్పించి ఉంది. రాగి మీద గుర్రం ఎక్కినట్టు నిలబడి మోకాళ్లతో దాని పక్కటెముకలు బిగించాను. మెడపట్టీ కింద వేళ్లు దూర్చి చెవుల వెనక్కి పైకి తెచ్చి మెలిపెట్టి, అలాగే పట్టుకున్నాను. కొట్టకూడదు, తన్నకూడదు, కేకలు పెట్టకూడదు. కొడితే అవతలి కుక్కే కరిచిందనుకుని ఇంకా బిగిస్తుంది. పట్టు అలాగే ఉంచి ఊపిరి అందకుండా చేయడమే. కళ్లు తిప్పి నా వైపు చూసింది. ఒక దగ్గు దగ్గింది. నోరు తెరుచుకుంది. వెంటనే దాని మొహం అవతలికి తిప్పేశాను. పళ్ల మధ్య ఉంగరాల జుట్టు, కింద విరిగిన ప్లాస్టిక్ బకిల్.

డూడుల్‌కి చర్మం కొంచెం చీరుకుంది, రెండు కుట్లతో పోయింది. ఆయన మాత్రం "పిట్‌బుల్, పిట్‌బుల్" అంటూ ఫోన్ చేసేశాడు. యానిమల్ కంట్రోల్ ఆఫీసర్ వచ్చాడు. అడిగిన మొదటి ప్రశ్న, ఏ కుక్కకి లీష్ ఉంది అని. నోటీసు ఆయనకే పడింది. టెక్సస్ చట్టంలో "ప్రమాదకరమైన కుక్క" అంటే రెచ్చగొట్టకుండానే మనిషి మీద దాడి చేసినది. జాతి పేరు చెప్పి నిషేధించే అధికారం ఇక్కడి ఊళ్లకి లేదు. ఇంత గొడవలోనూ ఆ డూడుల్ యజమాని చేతులు రాగి మూతి పక్కనే ఆడాయి. ఒక్క గీత పడలేదు. ఆఫీసర్ వచ్చేసరికి రాగి ఆ యజమాని ప్యాంటుకే ఒరిగి నిలబడి తోక ఊపుతోంది. నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

సర్కారు వద్దనకపోయినా కొందరు హోమ్ ఇన్సూరెన్స్ వాళ్లు వద్దంటారు. ఇది మీకు ఎవరూ చెప్పరు. అద్దె అపార్ట్‌మెంట్లలో నిషేధించిన జాతుల జాబితాలో మొదటి పేరు ఇదే. మీరు ఇల్లు కొనుక్కున్నారు కాబట్టి ఆ బాధ తప్పింది. మాకు ఒక ఇన్సూరెన్స్ కంపెనీ కుక్క ఫొటో చూసి కుదరదంది. డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే అందులో సగానికి తక్కువే పిట్‌బుల్, మిగతాది బాక్సర్, చౌచౌ, ఇంకేవో. ఆ కాగితం చూపించినా "మాకు చూడ్డానికి పిట్‌బుల్‌లా ఉంది" అన్నారు. చివరికి ఇంకో కంపెనీ, కొంచెం ఎక్కువ ప్రీమియం. డెన్వర్ నగరంలో పిట్‌బుల్స్ మీద 1989 నుంచి ఉన్న నిషేధాన్ని 2020లో జనమే ఓటేసి ఎత్తేశారు. ఈ ఇన్సూరెన్స్ ఫారాలకి మాత్రం ఆ కబురు చేరలేదు.

పిల్లల సంగతి అడిగారు కదా. మా పిల్లలకి రాగి వల్ల తగిలిన దెబ్బలన్నీ తోక దెబ్బలే. ఆ తోక కొరడా. సంతోషం వస్తే తోక ఒక్కటే కాదు, నడుము దాకా ఊగుతుంది. ఎత్తు తక్కువ టీపాయ్ ఉంటే దాని మీద కాఫీ పెట్టడం మానేయండి. చలి ఆగదు, దుప్పట్లో దూరుతుంది. గురక, గ్యాస్ మామూలే. రూల్స్ మాత్రం ఉన్నాయి. అది తింటుంటే పిల్లలు ఆ దరిదాపులకి వెళ్లరు. మేం గదిలో లేకపోతే మధ్యలో గేటు వేసి ఉంటుంది. పిల్లల స్నేహితులు వస్తే అది క్రేట్‌లో, అంటే దాని బోనులో ఉంటుంది. ఈ రూల్స్ లాబ్రడార్ ఉన్నా పెడతాను.

మన ఇళ్లలో అసలు ప్రమాదం వంటింట్లో ఉంది. ఉల్లిపాయ, వెల్లుల్లి, కిస్‌మిస్ కుక్కలకి విషం. ఉత్త పెరుగన్నం పర్వాలేదు. వచ్చిన చుట్టాలు "పాపం, చూస్తోంది" అని పాయసం, పకోడీ జారవిడుస్తారు. కుక్కని చూసి సోఫా మీదికి కాళ్లు ముడుచుకునేదీ వాళ్లే, బల్ల కిందనుంచి పకోడీ పెట్టేదీ వాళ్లే.

టెక్సస్‌లో షెల్టర్ కుక్కలకి హార్ట్‌వార్మ్ ఎక్కువ, గుండెలో పురుగులు చేరే జబ్బు, దోమల వల్ల వస్తుంది. రాగికీ ఉండింది. నడుము కండలో ఇంజెక్షన్లు చేస్తారు. చచ్చిన పురుగులు ఊపిరితిత్తుల్లో అడ్డుపడకుండా నెలల తరబడి పరుగెత్తనివ్వకూడదు. కండపట్టిన పిట్‌బుల్‌ని పరుగెత్తకుండా ఆపడం ఎలాగుంటుందో ఊహించుకోండి. మా అత్తగారు క్రేట్ పక్కన చాప వేసుకుని టీవీ సీరియల్ పెట్టుకుని కూర్చునేవారు. ఆవిడ లేస్తే అదీ లేచేది, అందుకని మంచినీళ్లకి కూడా లేచేవారు కాదు. మీరు మాత్రం ఆ జబ్బు రాకుండా నెలనెలా ఇచ్చే మాత్ర మానకండి.

ఇక అంకెలు చూపించి వాదించేవాళ్లకి. అమెరికాలో 1979 నుంచి 1998 దాకా కుక్కల దాడుల్లో జరిగిన మరణాలు లెక్కేస్తే, జాతి తెలిసిన వాటిలో సగానికి పైగా పిట్‌బుల్ తరహా కుక్కలూ, రాట్‌వైలర్ అనే ఇంకో జాతీ చేసినవే. నిజమే, బలమైన దవడ. ఇంకో లెక్క కూడా వినండి. 2007లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మైకేల్ విక్ కుక్కల పందేల కేసులో వర్జీనియాలో పట్టుకున్న పిట్‌బుల్స్‌లో ఎక్కువ భాగం బతికి బయటపడ్డాయి. వాటిలో 22 యూటా రాష్ట్రంలోని ఒక జంతువుల ఆశ్రమానికి వెళ్లాయి, చాలావాటికి తర్వాత ఇళ్లు దొరికాయి. పందెం బరిలోంచి వచ్చినవి సోఫా ఎక్కి పడుకోగలిగాయంటే రక్తం ఒక్కటే అంతా నిర్ణయించదని నా వాదన.

ఇది చదివి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లు మేమూ కొంటామంటే మాత్రం వద్దంటాను. 2022లో లక్నోలో 82 ఏళ్ల పెద్దావిడని సొంత ఇంటి పిట్‌బుల్లే చంపింది. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల దిగుమతి, అమ్మకం ఆపమని రాష్ట్రాలకి రాసింది. ఎవర్నీ సంప్రదించలేదని కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. కోర్టు సంగతి అలా ఉంచండి. చెవులు కోయించి, గొలుసు కట్టి, ఫామ్‌హౌస్ గేటు దగ్గర షో కోసం నిలబెట్టేవాళ్ల చేతిలో ఆ కుక్క ఏమవుతుంది? పైగా కాపలాకి ఇది పనికిరాదు. దొంగ వస్తే ఒళ్లో కూర్చుంటుంది. కాపలా కావాలంటే మన వీధి కుక్క పిల్లని తెచ్చుకుని రెండు పూటలా ఇంత అన్నం పెట్టండి.

మీకు నచ్చిన కుక్క వయసెంతో మీరు రాయలేదు. కూనపిల్లని తేకండి. ఇతర కుక్కలతో పడకపోవడం అనేది ఏడాది నుంచి మూడేళ్ల మధ్యలో బయటపడుతుంది, కూనగా ఉన్నప్పుడు అన్నీ బంగారాలే. మూడేళ్లు దాటినదాన్ని చూడండి. బాబుని తీసుకుని వేర్వేరు రోజుల్లో వెళ్లి కలవండి. ఇంట్లో పెట్టుకుని చూసి తర్వాత ఖాయం చేసుకునే ఫోస్టర్ పద్ధతి చాలా షెల్టర్లలో ఉంది, అడగండి. సంతకం పెట్టే ముందు ఇన్సూరెన్స్ ఏజెంట్‌తో జాతి పేరు చెప్పి మాట్లాడి, ఒప్పుకున్నట్టు మెయిల్ తెప్పించుకోండి. ఫోన్‌లో "పర్లేదు" అన్నమాట క్లెయిమ్ వేసే రోజు ఎవరికీ గుర్తుండదు.